రెండు చుక్కల గీత

మా ఆఫీసులో నన్ను గీతలమ్మ అంటారు. చాటుగా పెట్టుకున్న పేరు కాదు, మొహం మీదే పిలుస్తారు, నేనూ పలుకుతాను. రోడ్లు, కాలవలు, పొలిమేరలు, పైపులైన్లు, ఏ శాఖవాళ్లు ఏ గీత పంపినా దాన్ని కంప్యూటర్ మ్యాపులో సరిచూసి పెట్టడం నా పని. కిటికీ లేని గది, రెండు తెరలు, గట్టిగా నొక్కితే తప్ప పలకని మౌసు. ఆ మౌసు మార్చమని అడిగి అడిగి నా నోరు అరిగింది తప్ప మౌసు మారలేదు. మా ఆయన బస్సు నడుపుతాడు. "నువ్వు గీసిన రోడ్డు మీదే తిరుగుతున్నా, గుంతలు కూడా నువ్వే గీశావా?" అని రోజూ ఒకే జోకు వేస్తాడు. నేను రోజూ నవ్వను.

ఈ కథ ఆయన అక్క ఇంటిది. నాకు వదిన. ఆమె భర్తను నేను అన్నయ్యా అంటాను. ఆయన తాపీమేస్త్రీ. సున్నపు తొట్టి పొంగి మొహం మీద చిమ్మిన రోజు నుంచి ఆయనకు రెండు కళ్లూ లేవు. కానీ ఆ ఇంట్లో ఆయనను చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. ప్రతి ఇటుకా ఆయన చేత్తో పెట్టిందే. పొయ్యి దగ్గరికి తిన్నగా వెళ్లి టీ పెట్టుకుంటాడు. అద్దం లేకుండా గడ్డం గీసుకుంటాడు, గాటు పడదు. గడప దగ్గర కాలెత్తాల్సిన చోట కాలెత్తుతాడు. పెరటి తలుపు తీసి, గోడ పట్టుకుని, వెనక వీధి టైలరు కొట్టుకు వెళ్లి, పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పి, మళ్లీ గోడ పట్టుకుని వస్తాడు. ఒకసారి వదిన ఊడ్చిన తర్వాత స్టూలు కాస్త పక్కకు పెట్టింది. ఆయన దాని మీద బోర్లా పడ్డాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో స్టూలుక్కూడా చిరునామా ఉంది.

పైకప్పు బాగుచేసేటప్పుడు కొన్నాళ్లు వాళ్లిద్దరినీ మా ఇంటికి తీసుకొచ్చాం. ఆ కొన్నాళ్లూ అన్నయ్య మంచం దిగలేదు. బాత్రూముకు వెళ్లాలన్నా ఎవరో ఒకరిని పిలవాలి. పిలవడం నామోషీ అనిపించి నీళ్లు తాగడం తగ్గించేశాడని వదిన తర్వాత చెప్పింది. వెళ్లిపోయే రోజు ఆయన నా చెయ్యి పట్టుకుని, "చెల్లెమ్మా, నాకు కళ్లు పోయింది అప్పుడు కాదు, మీ ఇంట్లో" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ఇల్లు పోతే ఆ మనిషి పోతాడని నాకు ఆరోజే తెలుసు.

వాళ్ల ఇంటి గోడకు ఎవరో నోటీసు అంటించి వెళ్లారు. హైటెన్షన్ కరెంటు లైను వస్తోంది, లైనుకు అటు ముప్ఫై ఇటు ముప్ఫై మీటర్లలో ఇళ్లు ఉండకూడదు, ఖాళీ చెయ్యండి. వదిన ఫోను చేసినప్పుడు నేను ఆఫీసు మేడ మీద క్యాంటీనులో టీ తాగుతున్నాను.

"అమ్మాయ్, నువ్వు మ్యాపుల్లోనే కదా పని చేసేది. మా ఇంటి మీదకి గీత ఎవరు గీశారే?"

ఫోనులో అందరూ చూసే మ్యాపు తీశాను. కరెంటు శాఖవాళ్లు వాళ్ల గీతను అందులో ఎర్రగా పెట్టారు. పడమట ఒక సబ్‌స్టేషన్, తూర్పున ఒక సబ్‌స్టేషన్, మధ్యలో నూట యాభై కిలోమీటర్ల పొడవున ముక్కుసూటిగా గీత. అంతా చదునైన నేల, వంపు తిరగాల్సిన కొండ గానీ ఏరు గానీ లేదు. వదిన ఇల్లు దాదాపు సరిగ్గా నడిమధ్యన, గీతకు ఇరవై మీటర్ల ఉత్తరంగా ఉంది.

కింద నా గదికి పరుగెత్తి అదే గీతను మా ఆఫీసు మ్యాపులో తెరిచాను. అక్కడ గీత వదిన ఇంటి పక్కన లేదు. ఇల్లు దాటి, వెనక వీధి దాటి, ఆ అవతలి ఖాళీ నేల మీదుగా పోతోంది. కళ్లు నలుపుకుని మళ్లీ చూశాను. ఫోనులో ఇంటి పక్కన, తెర మీద వంద మీటర్ల పైన ఎడంగా. రెండూ ఒకే ఫైలు. ఆ ఫైలు లోపలికి వెళ్లి చూస్తే రెండంటే రెండే చుక్కలు ఉన్నాయి, పడమటి కొస ఒకటి, తూర్పు కొస ఒకటి. మధ్యలో ఏమీ లేదు.

నాకు ఒళ్లు మండింది, అదే సమయంలో ఎగిరి గంతెయ్యాలనీ అనిపించింది. అలా ఎందుకనిపించిందో అన్నయ్యకు చెప్పిన తీరులోనే మీకూ చెబుతాను.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లేసరికి వదిన ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. అన్నయ్య మాత్రం పెరటి గుమ్మంలో కూర్చుని, "ఏం చెల్లెమ్మా, మీవాళ్లకి నా ఇల్లు తప్ప గీత గీసుకోవడానికి చోటే దొరకలేదా?" అన్నాడు.

నేను వంటింట్లోంచి మంచినీళ్ల కుండ తెచ్చి ఆయన ముందు బోర్లించాను. "నా నీళ్లన్నీ పారబోసేశావా?" అని వదిన అరిచింది. కుండ చుట్టూ కుమ్మరి చక్రం మీద పడిన గాళ్లు ఉంటాయి కదా, వాటిలో పైవరస గాడి ఒకటి ఆయన వేలితో తడిమించాను. ఆ గాడి మీదే రెండు చోట్ల ఆయన బొటనవేళ్లు పెట్టించాను.

"ఇది పడమటి సబ్‌స్టేషన్, ఇది తూర్పుది అనుకోండి. ఇప్పుడు మీ తాపీపని నూలుదారం ఈ రెండింటి మధ్య బిగించి లాగండి."

వదిన తెచ్చిచ్చిన దారం గుంజి పట్టుకున్నాడు. ఆమే ఆయన చూపుడువేలిని దారం నడుమకి తీసుకెళ్లింది. ఆయన మొహంలో ఆశ్చర్యం కనిపించింది.

"గాడిలో ఉండటంలేదే! పైకి జారిపోతోంది."

"అదే అన్నయ్యా. పైకంటే ఉత్తరానికి. భూమి గుండ్రం. దాన్ని చదునుగా పరిస్తే గానీ మ్యాపు కాదు. పరిచే పద్ధతులు బోలెడు. ఫోనులో మ్యాపు ఈ గాళ్లన్నిటినీ తిన్నగా లాగి పరుస్తుంది, అందుకని అందులో తిన్నని గీతంటే గాడే. మా ఆఫీసు మ్యాపు ఇంకోలా పరుస్తుంది, అందులో తిన్నని గీతంటే దాదాపు మీ దారం. కరెంటువాళ్లు కొసల్లో రెండు చుక్కలిచ్చి ఊరుకున్నారు. మధ్యలో ఎటు పోవాలో చెప్పలేదు. దాంతో ఏ మ్యాపుకి ఆ మ్యాపు తన చిత్తం వచ్చినట్టు కలిపేస్తోంది."

"కొసల దగ్గర?"

"కొసల దగ్గర రెండూ ఒకటే. మధ్యకొచ్చేకొద్దీ ఎడం పెరుగుతుంది. నడిమధ్యన మీరున్నారు."

అన్నయ్య చాలాసేపు దారం వదల్లేదు. "నా సర్వీసంతా దారం కట్టే గోడ లేపాను. దారమే నిజం. అంటే మా ఇల్లు బయటే," అన్నాడు.

"బయటే. వెనక వీధి కూడా బయటే. గీత అవతల ఖాళీ జాగాలో పడుతుంది. ఎవరి కొంపా మునగదు."

వదిన కుండ నింపడానికి వెళ్తూ నా తల నిమిరింది. ఆమె నన్ను అలా నిమరడం నా పెళ్లయ్యాక అదే మొదలు. ఆ రాత్రి అన్నం తిన్నాడట ఆయన. ఆ మాట మర్నాడు ఫోనులో విని నేనెంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే జాలేస్తుంది.

మా పెద్దసారుకు చెప్పాను. మనిషి మంచివాడే, నోట్లో నాలుక లేనివాడు. అంతా విని, "నువ్వు చెప్పేది కరెక్టే. కమిటీ ముందు పెడదాం, నువ్వే చూపించు," అన్నాడు. ఆ గీత పక్కన మా బంధువుల ఇల్లుందని కూడా ఆయనకు చెప్పాను. "దాంతో పనేముంది, లెక్క లెక్కే కదా," అన్నాడు. నిజమే అనుకున్నాను.

కమిటీ అంటే ముగ్గురు. మా పెద్దసారు, కరెంటు శాఖ లైను ఇంజనీరు, ఆ శాఖ తరఫు లాయరు. పొడుగాటి బల్ల, గోడ మీద తెర, ఎవరూ తినని బిస్కెట్లు. నేను మ్యాపు తెరిచి గీత చూపించాను. వదిన ఇల్లు అటు ముప్ఫై ఇటు ముప్ఫై మీటర్ల పట్టీ లోపల ఉంది. ప్రొజెక్షన్, అంటే భూమిని పరిచే పద్ధతి, మార్చాను. గీత పైకి జరిగింది, ఇల్లు బయటికొచ్చింది. మళ్లీ మార్చాను, లోపలికెళ్లింది. ఇంజనీరు కుర్చీలో ముందుకు వంగి, "ఏదీ, ఇంకోసారి," అన్నాడు. ఇంకోసారి చూపించాను. గారడీ చూసినట్టు నవ్వాడు.

లాయరు నవ్వలేదు. "అంటే లైను ఎక్కడుందో మీకే తెలీదా?"

"లైను ఒకటేనండి. చూపించడంలోనే తేడా. మధ్యలో చుక్కలు ఇవ్వకపోవడం వల్ల వచ్చింది. భూమి మీద సూటి దారంటే ఇదిగో, ఈ పైది. దాని వెంబడి కిలోమీటరుకో చుక్క పెడితే ఏ మ్యాపులోనైనా ఒకేచోట కనిపిస్తుంది. అటువైపంతా ఖాళీ నేల."

"ఆర్డరులో ఏముంది?"

పెద్దసారు కాగితం చూసి చదివాడు. ఫలానా చోటి నుంచి ఫలానా చోటికి సూటిగా, అని ఉంది.

"సూటిగా అంటే ఏ మ్యాపులో సూటిగా అని ఉందా?"

"లేదు."

"ఇప్పటికే ఒక మ్యాపు జనంలోకి వెళ్లిపోయింది, నోటీసులు వెళ్లిపోయాయి. ఇప్పుడు ఇంకోచోట అంటే పాత గీత పొడవునా పొలాలున్న ప్రతివాడూ మాదీ మార్చండని కోర్టుకెక్కుతాడు. సరే, ఒక మాట చెప్పండి. ఈ రెండూ కాకుండా మూడో పద్ధతిలో చూస్తే గీత ఎక్కడ పడుతుంది?"

ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పొచ్చని నాకు తట్టలేదు. తట్టినా చెప్పేదాన్ని కాదేమో. ఇన్నేళ్లు గీతలతో కాపురం చేసినదాన్ని, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పడం అలవాటైపోయింది.

"ఈ రెండింటి మధ్యలో ఎక్కడైనా పడొచ్చండి," అన్నాను.

లాయరు పెన్ను మూత పెట్టేశాడు. "అయితే గొడవే లేదు. కింది గీత నుంచి పై గీత దాకా మొత్తం తీసుకోండి. అటు ముప్ఫై, ఇటు ముప్ఫై, మధ్యలోది అంతా. రేపు ఎవడు ఏ మ్యాపు తెచ్చినా మన లైను అందులోనే ఉంటుంది."

ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాను. "మధ్యలో వీధి ఉందండీ! ఈ రెండు గీతల్లో దేన్ని పట్టుకున్నా లైను ఆ వీధి మీదుగా పోదు. అక్కడ ఒక్క ఇల్లు కూడా పోనక్కర్లేదని చెప్పడానికే నేనొచ్చాను!"

"మధ్యలో ఎక్కడైనా పడొచ్చని మీరే అన్నారు కదమ్మా."

"అది మ్యాపులో! నేల మీద కాదు!"

ఇంజనీరు వైపు చూశాను, పని తెలిసినవాడు కదా అని. ఆయన తల గోక్కున్నాడు. "నిజం చెప్పాలంటే మేడం, పట్టీ ఎంత వెడల్పుంటే మాకంత సుఖం. టవరు ఎక్కడ వీలైతే అక్కడ వేసుకుంటాం." పెద్దసారు బిస్కెట్ల పళ్లెం కేసి చూస్తున్నాడు. టీలు వచ్చేలోపు అంతా అయిపోయింది, వచ్చాక తాగి వెళ్లారు.

అంతకు ముందు అక్కడ ఒక్క ఇల్లే పట్టీలో ఉండేది. కొరివితో తల గోక్కుని వీధికి వీధిని అందులోకి తీసుకొచ్చాను.

ఆ పట్టీని గీసే పని ఎవరికి వస్తుంది? గీతలమ్మకే. పెద్దసారు గుమ్మం దాకా వచ్చి, "వేరేవాళ్లకి ఇవ్వనా?" అని అడిగాడు. వేరేవాళ్లకి ఇస్తే మళ్లీ నాలుగు మూలలకు నాలుగు చుక్కలు పెట్టి చేతులు దులుపుకుంటారు. అప్పుడు ఒక మ్యాపులో పట్టీ ఇంకొంచెం కిందికి పోతుంది, ఇంకొకళ్ల గుమ్మంలోకి పోతుంది. నేనే గీస్తానన్నాను. కింది అంచు వెంబడి, పై అంచు వెంబడి దగ్గర దగ్గరగా చుక్కలు పెట్టుకుంటూ పోయాను. చుక్క పెట్టినప్పుడల్లా ఆ పాడు మౌసును గట్టిగా నొక్కాలి. వదిన ఇంటి కప్పు దాటాను. టైలరు కొట్టు రేకులు దాటాను. వీధి కొళాయి దగ్గర బిందెల వరస కూడా కనిపించింది, ఉపగ్రహం ఫొటో తీసిన రోజు ఎవరో పెట్టుకున్నవి. పని పూర్తయ్యాక ప్రొజెక్షన్లు ఒక్కొక్కటే మార్చి చూశాను. పట్టీ కాస్త వంగింది, తిన్ననైంది, మళ్లీ వంగింది. వీధి మాత్రం కదల్లేదు. వదిన ఇల్లూ కదల్లేదు. ఇంత శుభ్రమైన పని నేను ముందెప్పుడూ చెయ్యలేదు.

చెప్పడానికి వెళ్లేసరికి వదిన అప్పటికే వినేసింది. వెనక వీధిలో ఇంటింటికీ నోటీసులు అంటించారు. నేను పెరటి దారిన వస్తుంటే టైలరు కొట్లోంచి దిగొచ్చాడు. అన్నయ్యకు రోజూ పేపరు చదివి వినిపించేవాడు, నాకు జాకెట్లు కుట్టినవాడు.

"ఏమ్మా, మీ ఇల్లు ఒక్కటే పోతుంటే తోడు లేదని మా వీధిని కూడా లాగావా?"

"అలా కాదండీ, నేను వెళ్లింది మీకేమీ కాకూడదనే..."

"నువ్వు వెళ్లకపోతే మాకేమైనా అయ్యేదా? అది చెప్పు."

అయ్యేది కాదు. ఆయన మెళ్లో టేపు తీసి చేతికి చుట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అన్నయ్య కోర్టు సంగతి అడిగాడు. ఒకళ్లిద్దరు లాయర్లను కలిశాం. మొదటివాడు ప్రొజెక్షన్ అనే మాట దగ్గరే చేతులెత్తేశాడు. రెండోవాడు ఓపిగ్గా విన్నాడు గానీ, "ఇందులో మీకు అడ్డంకి మీరే. ఎక్కడైనా పడొచ్చని కమిటీలో చెప్పింది మీరే, పట్టీ గీసిందీ మీరే," అన్నాడు. వెనక వీధివాళ్లు మాతో కలిసి రామన్నారు. విడిగా వెళ్లారు, వాళ్లకూ పని కాలేదు.

ఇల్లు పడగొట్టే రోజు అన్నయ్య దగ్గరుంటానని పట్టుబట్టాడు. గోడ కూలేటప్పుడు చప్పుడును బట్టి, "అది వంటిల్లు... అది పడమటి గోడ, గట్టిది, ఒక్క దెబ్బకు పడదు," అని చెబుతూ నిలబడ్డాడు. అది నిజంగానే ఒక్క దెబ్బకు పడలేదు. అప్పుడొక్కసారి నవ్వాడు. తర్వాత వదిన భుజం మీద చెయ్యి వేసి, నడక అప్పుడే నేర్చుకున్నవాడిలా ఆటో దాకా వచ్చాడు.

ఇప్పుడు వాళ్లు మేడ మీద రెండు గదుల్లో అద్దెకుంటున్నారు. వదిన పాత ఇంట్లో ఏది ఎక్కడుండేదో అలాగే సర్దాలని చాలా తంటాలు పడింది. కానీ తలుపు అటుంటే కిటికీ ఇటుంది, పొయ్యి గట్టు ఎడమవైపుంది. మంచం నుంచి బాత్రూము దాకా గోడకు మేకులు కొట్టి ఆయన నూలుదారమే కట్టింది, పట్టుకుని నడుస్తాడని. కట్టింది కట్టినట్టే ఉంది. మా ఆయన వచ్చి జోకులు వేద్దామని కూర్చుంటాడు, ఒక్కటీ గుర్తు రాక లేచి వస్తాడు.

పోయిన ఆదివారం నేను వెళ్లాను. అన్నయ్య మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. గడ్డం మాసింది.

"చెల్లెమ్మా, ఆ పట్టీ ఇప్పుడు ఏ మ్యాపులోనైనా పక్కకి జరుగుతుందా?"

"జరగదు అన్నయ్యా."

"మధ్యలో చుక్కలు పెట్టావా?"

"దగ్గర దగ్గరగా పెట్టాను."

"అంతే. పని చేస్తే అలాగే చెయ్యాలి," అన్నాడు. వెక్కిరించలేదు, మెచ్చుకున్నాడు. మేస్త్రీ కదా. అది వినలేక నేను కిటికీ వైపు తిరిగాను.

తర్వాత చాలా మొహమాటంగా, అవతలి గదిలో వదినకు వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

"మంచినీళ్లు ఎక్కడున్నాయమ్మా?"

ఆరోజు దారం కట్టి చూపించిన కుండే, ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉంది. ముంచి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి చాలన్నాడు.